వంకర లడ్డూల సారె

పోయిన వారం ఒక చేనేత చీర కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే ఒకవైపు అంచు నిటారుగా ఉంది, రెండోవైపు అంచు దారి మరిచిపోయి మళ్లీ గుర్తు తెచ్చుకుంటూ నడిచినట్టుంది. మార్చుకుందామని దుకాణానికి పట్టుకెళ్తే, కౌంటర్లోని పిల్ల మడతల్లోంచి ఒక అట్టముక్క తీసి నాకు చదివి వినిపించింది: ‘ఇందులో కనిపించే హెచ్చుతగ్గులు లోపాలు కావు, చేతిపనికి గుర్తులు.’ నా ఫిర్యాదు చీర మీద కాదు. వయసులో ఉన్నప్పుడు నా వంటకూ నా దస్తూరీకీ ఇలాంటి అట్టముక్క ఒకటి ఎవరూ రాసివ్వలేదేమని.

చీర తీసుకుని వెనక్కి వచ్చేశాను. దారంతా మెదక్ బజారు గుర్తొచ్చింది. అందులో ఒక మిఠాయి దుకాణం వెనకగది, పీట మీద కూర్చుని లడ్డూలను పనిగట్టుకుని వంకరగా కడుతున్న మా నాయినమ్మ.

మాది పాపన్నపేట దాటాక మంజీర ఒడ్డున, వరి తప్ప వేరే సంగతి తెలియని ఊరు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా మేనత్త తొలికాన్పుకు వచ్చి, ఆడపిల్లను కని, అయిదో నెలలో అత్తారింటికి తిరిగి పోబోతోంది. అలా పోయే బిడ్డకు పుట్టింటివాళ్లు సారె పెట్టాలి. గంపల నిండా సకినాలు, గరిజెలు, లడ్డూలు. వాటిని అత్తారి ఊళ్లో ఇంటింటికీ పంచుతారు. ఊరు తింటుంది, తిని ఊరుకోదు.

సారె లడ్డూ తల్లి చేత్తో కట్టాలని మా వైపు కట్టుబాటు. అంగట్లో కొన్నది తల్లి లేని పిల్లకు పెడతారు. తల్లి ఉండగానే అంగడి సారె వచ్చిందంటే ఆ ఊరి ఆడవాళ్లు ఆ పిల్లను జాలిగా చూస్తారు. తిడితే తిరిగి తిట్టవచ్చు, జాలికి మందు లేదు.

దానికి తోడు మేనత్త అత్తగారు. మా నాయినమ్మకు వియ్యపురాలు. ఆవిడ నోరు తూప్రాన్ దాకా ప్రసిద్ధి. మేనత్త పెళ్లిలో వంటవాళ్లు చేసిన లడ్డూను ఒకటి తీసుకుని, కొరికి, పంతులుగారి మంత్రాల మీదుగా అందరికీ వినపడేలా, “గివి తినేటియా, ఎద్దుల మెడల గట్టేటియా?” అని అడిగింది. ఆ మాట మేనత్తతో పాటే కాపురానికి వెళ్లింది. ఏ పని చెడినా “మీ లడ్డూల తీరుగనే చేసినవ్” అనేదట. అందుకే కాన్పుకు వచ్చిన మొదటిరోజే మేనత్త నాయినమ్మ చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, సారెల జర మాట రానియ్యకే.”

“నా చేత్తోని నేనే చేస్త బిడ్డా. అప్పుడెవలేమంటరో చూస్త.”

చేసింది. చక్కెర కంట్రోలు దుకాణంలో కార్డు మీద దొరికే రోజుల్లో, ఎక్కడెక్కడో అడిగి కూడబెట్టిన చక్కెరతో రెండు రోజులు పొయ్యి ముందు కూర్చుని నూట పదహారు లడ్డూలు కట్టింది. నాయినమ్మ లడ్డూ మెత్తనిది కాదు. ముందు పన్ను దానితో పరిచయం చేసుకోవాలి, మాటలు తర్వాత కలుస్తాయి. యాలకులు పొట్టుతో సహా దంచి వేసేది. రంగు వేసేది కాదు. నెయ్యి కాస్త ఎర్రగా కాగి, గిన్నె అడుగు గోకినప్పుడు వచ్చే కమ్మదనం ఉండేది. అవి నిజంగా బాగుండేవా అంటే నా దగ్గరున్న సాక్ష్యం ఒక్కటే. నేను దొంగతనం చేసింది వాటినే.

నా గురించి నాయినమ్మకు ఏ భ్రమలూ లేవు. అందుకే లడ్డూల గుండిగను వంటింట్లో పెట్టకుండా చీకటి అర్రలో, అటక మీద, కిరసనాయిలు సీసా పక్కన దాచింది. అటువైపు ఎవరూ పోరని. నేను మధ్యాహ్నం వడ్ల గుమ్మి ఎక్కి, గుండిగలో చెయ్యి పెట్టి ఒకటి తీసుకుని, దిగబోతుంటే మోచెయ్యి సీసాకు తగిలింది. సీసాకు బిరడా బదులు గుడ్డపీలిక ఉంది. సీసా పగల్లేదు. మర్యాదగా పక్కకు ఒరిగి, నా చేతిలోని లడ్డూ మీదుగా గుండిగలోకి మొత్తం ఖాళీ అయింది. నేను సీసాను లేపి నిలబెట్టి, గుండిగకు మూత పెట్టి, దిగి, చింతగింజలు ఆడుకోవడానికి వెళ్లాను. ఆ వయసులో అంతకంటే మంచి ఉపాయం తోచలేదు. తర్వాత కూడా జీవితంలో చాలాసార్లు అదే ఉపాయం వాడాను.

తెల్లారి నాయినమ్మ నన్ను అర్రలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. గుండిగ కిందికి దించి ఉంది.

“నోరు చూపియ్యి.”

చూపించాను. వాసన చూసింది.

“తిన్నవా?”

“ఒక్కటి. మంచిగ లేదు.”

“ఎందుకు మంచిగుంటది? లాంతర్ల పోసేది తిన్నవ్.”

కొడుతుందనుకున్నాను. గుమ్మికి ఆనుకుని కూలబడింది. ఎల్లుండి ప్రయాణం. మళ్లీ చేద్దామంటే చక్కెర లేదు. ఇంట్లో చెబుదామంటే, పంపకముందే సారె పాడైందంటే పసిపిల్లకు మంచిది కాదని పెద్దవాళ్లు అప్పటికప్పుడు ప్రయాణమే ఆపేస్తారు. ఎందుకు ఆగిందో వియ్యపురాలికి చెప్పాలి. లోపలి గదిలోంచి మేనత్త, “అమ్మా, ఏం వాసనే?” అని అడిగింది. “దీపం సదిరిన బిడ్డా” అంది నాయినమ్మ. అని, నా చెవి పట్టుకుని చిన్నగా చెప్పింది:

“సీసా పక్కన పెట్టింది నేను, తన్నింది నువ్వు. ఇద్దరం కలిసి మెదక్ పోదం. ఇంట్ల ఎవలకన్న చెప్పినవో, నీ సారె నేను పెట్ట.”

నాకు సారె ఎందుకో తెలియదు గాని భయం మాత్రం వేసింది.

వాకిట్లో తాత అడ్డం తగిలాడు. “గంప నెత్తినబెట్టుకోని పొద్దుగాల ఎటు?”

“మెదక్. చర్చిల కొవ్వొత్తి ముట్టియ్యాలె. మొక్కున్నది.”

“మనకు చర్చిల మొక్కేందే?”

“బిడ్డ కాన్పుకు కష్టమైనప్పుడు మొక్కిన. మిమ్మల్నడిగి మొక్కాల్నా?”

కాన్పుల విషయంలో తాతకు తోచిన జవాబు ఎప్పుడూ ఒకటే. పక్కకు జరగడం.

పాడైన లడ్డూలను ఊళ్లో ఎక్కడ పారేసినా కుక్కో కూలీయో చూస్తారని, మొత్తం గంపలో పోసి పైన చీర కప్పి మాతో పాటే తెచ్చింది. పాపన్నపేట దాకా నడిచి ఎర్రబస్సు ఎక్కాం. రెండో ఊరు దాటాక కండక్టరు కిరసనాయిలు వాసనకు ముక్కు ఎగబీల్చి ఆగాడు.

“గాసునూనె ఎవలిదే? బస్సుల గాసునూనె నడ్వది. చెప్పుండ్రి, లేకుంటె గిక్కన్నే ఆపుత.”

బస్సంతా ఒకరి సంచులు ఒకరు చూసుకుంది. నాయినమ్మ కిటికీలోంచి పొలాలు చూస్తూనే అంది:

“డబ్బా గిబ్బ ఏం లేదు సారూ. మా పిల్ల తలల పేన్లు. పొద్దుగాల గాసునూనె రాసిన.”

కండక్టరు నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. మా ముందుసీటు ఖాళీ అయింది. వెనకసీటు ఖాళీ అయింది. పక్కనున్న ముసలాయన నిలబడి ప్రయాణం చేయడమే ఒంటికి మంచిదని ఉన్నట్టుండి గ్రహించాడు. దూరం నుంచే ఒకామె సలహా చెప్పింది.

“ఏడుపాయల అమ్మవారి కాడ గుండు గొట్టియ్యక్కా. గాసునూనెకు చావయి గవి.”

“నాకు పేన్లు లేవు” అన్నాను. నాయినమ్మ తొడ మీద గిల్లింది. “మస్తున్నయి” అంది బస్సుతో. తర్వాత గంపను ఖాళీ సీట్లో పెట్టి కాళ్లు చాపుకుంది. అంత సుఖంగా మేము ఆ బస్సులో మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు.

మెదక్ రాకముందే చర్చి శిఖరం వస్తుంది. ఆ తర్వాత గుట్ట మీద ఖిల్లా గోడ, చివరికి ఊరు. బజారులో అడుగు పెడితే కళ్లకంటే ముందు ముక్కుకే ఊరి పటం తెలిసిపోయేది. బస్టాండు మూల మీద మిరపకాయ బజ్జీల నూనె, దాని పక్కన సాసర్లలో పోసుకు తాగే చాయ్, ఇంకాస్త లోపలికి బేకరీలో అప్పుడే తీసిన దిల్‌పసంద్, సందు మలుపులో కోవా కాచేవాళ్ల పాలపొగ. ఒక దుకాణంలో జిలేబి తప్ప ఇంకేమీ అమ్మరు, ఒకదాంట్లో కారప్పూస తప్ప ఇంకేమీ అమ్మరు. ఒక్క పనే జీవితమంతా చేసినవాళ్ల మొహాల్లో ఉండే విసుగూ గర్వమూ ఆ సందు పొడుగునా ఉండేవి. నేను ప్రతి దుకాణం ముందూ ఆగాను. నాయినమ్మ ప్రతి దుకాణం ముందూ నా చెయ్యి లాగింది.

మేము వెళ్లిన మిఠాయి దుకాణం ఒక సాబ్‌ది. తెల్లటోపీ, టోపీ మీద శనగపిండి. అద్దాల బీరువా కూడా లేదు, పళ్లెంలో గుట్టగా లడ్డూలు, పైన పల్చని గుడ్డ.

“నూట పదహారు లడ్డూలు గావాలె సాబ్.”

సాబ్ మొహం వెలిగింది. ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి చూపించాడు. “చూడమ్మా. ఎటు దిక్కు జూసినా ఒక్కటే తీరు.”

నిజంగానే అంత గుండ్రటి వస్తువును నేను మళ్లీ కాలేజీలో, రేఖాగణితం పుస్తకంలోనే చూశాను. నాయినమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి పళ్లెంలో పెట్టేసింది.

“గిట్ల గాదు. వంకరగ గావాలె.”

“వంకరంటే?”

“ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ. ఒకటి ఒకదిక్కు సొట్ట. ఇంట్ల గట్టినట్టు.”

సాబ్ ఆమెను దవాఖానకు పంపాలా అన్నట్టు చూశాడు. “అమ్మా, మా అబ్బా గరిటెతోని వేళ్ల మీద గొట్టి నేర్పిండు గుండ్రంగ గట్టుడు. వంకర లడ్డు నా దుకాన్ల కెల్లి పోతె నా ఇజ్జత్ ఏం గావాలె?”

“నీ ఇజ్జత్ గుండ్రంగుంటె నా బిడ్డ ఇజ్జత్ పోతది సాబ్” అంది నాయినమ్మ. అని, గంప మీది చీర తీసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. సీసా తన్నింది నేనని కూడా చెప్పింది. సాబ్ వంగి వాసన చూసి చటుక్కున లేచాడు.

“యా అల్లా. గిది లడ్డా, దీపమా?”

కాసేపు గడ్డం గోక్కున్నాడు. అతనికీ పెళ్లైన కూతురు ఉందేమో తెలియదు. చివరికి, “బూంది ఏసి పాకంల పోసిస్త. మీరు గట్టుకోండ్రి. గట్ల గట్టనీకె నా చెయ్యి రాదు” అన్నాడు. పొద్దుటి బూంది అయిపోయింది, మళ్లీ బట్టీ వెలిగించాలి. గంప వైపు చూపిస్తూ, “మరి గివి?” అన్నాడు.

నాయినమ్మ వాటిని చూసింది. రెండు రోజుల పని.

“పొయ్యిల పెట్టు. తిననీకె రాకుంటె మంటకన్న పనికొస్తయి.”

మస్తుగా మండాయి. ముందు నీలంగా, తర్వాత ఎర్రగా. కిరసనాయిలు పోయాక నెయ్యీ యాలకులూ కలిసిన వాసన సందంతా కమ్మింది. జిలేబి దుకాణం అతను బయటికొచ్చి, “ఏం జేస్తున్నవ్ భాయ్ ఇయ్యాల, గింత కమ్మగ?” అని అరిచాడు. తన లడ్డూల మెప్పు నాయినమ్మ ఆ ఒక్కసారే, అదీ అవి కాలుతుండగా విన్నది. కొంగు సర్దుకుని, “సారె బూంది నా లడ్డూల మీదనే ఏగుతున్నది గద, ఇంకేంది” అని తనకు తానే చెప్పుకుంది.

బూంది చల్లారేలోపు నన్ను చర్చికి తీసుకెళ్లింది. మొక్కు ఉత్తదే కదా అన్నాను.

“చెప్పినంక చెయ్యాలె బిడ్డా. చెయ్యకుంటె అబద్దమైతది.”

లోపల రంగురంగుల అద్దాల్లోంచి ఎండ పడి నేల మీద తివాచీలా పరుచుకుంది. నాయినమ్మ తలెత్తి శిఖరం దాకా చూసింది. “మా అత్త గిక్కడ రాళ్లు మోసిందట. కరువుల. దినాం పనికి బువ్వ పెట్టేటోళ్లట. ఎవలు గట్టిచ్చిండ్రో నాకెరికె లేదు, ఏం తిని గట్టిండ్రో ఎరికె.” కొవ్వొత్తి ముట్టించి, చేతులు జోడించి, గట్టిగానే మొక్కింది: “తండ్రీ, లడ్డూల సంగతి నీకెరికే.” పక్కన మోకాళ్ల మీద ఉన్నామె ఒక కన్ను తెరిచి మూసుకుంది.

తిరిగొచ్చాక వెనకగదిలో పీట వేసుకుని కూర్చుంది. వెచ్చటి బూంది పిడికిట్లోకి తీసుకోవడం, నొక్కడం, ఒక పక్క సొట్ట పెట్టడం. సాబ్ చూడలేక గోడవైపు తిరిగాడు. ఉండబట్టలేక మళ్లీ ఇటు తిరిగాడు.

“అమ్మా, అన్ని ఒక్కతీరుగ వంకరున్నయి. గట్ల గూడ దొరికిపోతరు.”

నిజమే. ఆమె చెయ్యి వంకరలోనూ ఒక పద్ధతి పట్టేసింది. అప్పుడు నన్ను కూర్చోబెట్టారు. నా లడ్డూలు దేని పోలిక దానిదే. ఒకటి గుడ్డులా వచ్చింది, ఒకటి పిడికిలిలాగే ఉండిపోయింది. “షాబాష్” అన్నాడు సాబ్, నొచ్చుకుంటూనే. మధ్యలో అతని చెయ్యి ఊరుకోక ఒకదాన్ని ఎత్తి రెండు తిప్పుల్లో గుండ్రంగా చేసి పెట్టాడు. నాయినమ్మ దాన్ని తీసుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. సాబ్ తన వేలు నలిగినట్టు “అబ్బా!” అన్నాడు.

తర్వాత నాకు మిరపకాయ బజ్జీ పెట్టించింది, చాయ్ సాసర్లో పోసి ఊదిచ్చింది, దిల్‌పసంద్ సగం కొనిచ్చింది. అంతకు ముందురోజు నేను చేసిన పనికి ఇది శిక్ష ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. అడగలేదు.

తిరుగు బస్సులో అదే కండక్టరు. గంపలోంచి నెయ్యి, కర్పూరం వాసన. నా తల వైపు వంగి చూసి అడిగాడు:

“గిప్పుడేం రాసినవమ్మా?”

సారె బండి వెళ్లిన రోజు నాయినమ్మతో పాటు నేనూ వెళ్లాను. వియ్యపురాలు అరుగు మీద కూర్చుని గంప విప్పించింది. చేతికి వచ్చింది నేను కట్టిన పిడికిలి లడ్డూ. తిప్పి చూసింది. సగానికి విరిచి లోపల చూసింది. వాసన చూసింది. మేనత్త గుంజ వెనక, పసిపిల్లను అవసరం కంటే గట్టిగా పట్టుకుని నిలబడింది. వియ్యపురాలు నమిలింది. మిగతా సగం కూడా నోట్లో వేసుకుంది.

“ఇంటిది ఇంటిదేనే. చెయ్యంటె గిది వదినె” అంది నాయినమ్మతో.

ఆవిడ ఎవరినైనా మెచ్చుకోవడం ఆ ఊళ్లో అదే మొదలట. పక్కింటివాళ్లు చూడటానికి వచ్చారు. ఆ రోజు నుంచి మేనత్తకు ఆ ఇంట్లో గొంతు వచ్చింది.

నాయినమ్మ కష్టాలు కూడా ఆ రోజే మొదలయ్యాయి. రెండో కాన్పుకు, “వదినె, నీ చేతి లడ్డూలే దేవాలె” అని కబురు. పుట్టువెంట్రుకలకు కబురు. మరిది పెళ్లికి కబురు. ప్రతిసారీ చర్చిలో మొక్కు, ప్రతిసారీ మెదక్ బస్సు, ప్రతిసారీ తోడు నేను. తాత ఒకసారి, “ఇంక నువ్వు గా మతంల గలుస్తవా ఏంది?” అని అడిగాడు కూడా. సాబ్ గడ్డం తెల్లబడింది. రానురాను అతనే, “అమ్మా, ఇయ్యాల నేనే మస్తు వంకర గట్టిన, చూడు” అని చిన్నపిల్లవాడిలా చూపించేవాడు. బాగున్నవి మేము కట్టుకుపోయేవాళ్లం. నాయినమ్మ ఇంట్లో లడ్డూలు చేయడం మానేసింది. చేస్తే తేడా తెలిసిపోతుంది కదా.

మొన్నామధ్య పని ఉండి మెదక్ వెళ్లాను. సందు ఉంది. సాబ్ దుకాణం ఉన్నచోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఎదురుగా ఏసీ మిఠాయి దుకాణంలో ఒక లడ్డూ కొని తిన్నాను. బాగుంది. దాని గురించి అంతకు మించి ఏమీ తోచలేదు. తాత, సాబ్, నాయినమ్మ, వియ్యపురాలు, ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. మేనత్తకు ఇప్పటికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం నా సారె.

నా కొడుకును ఎత్తుకుని నేను అత్తారింటికి పోయేనాటికి నాయినమ్మ నడుం వంగిపోయింది. సకినాలు అమ్మ చేసింది. లడ్డూల దగ్గరికి మాత్రం నాయినమ్మ అమ్మను కూడా రానివ్వలేదు. నేను రహస్యంగా, “బస్సుకు పోదమా నాయినమ్మా?” అని అడిగితే కోపంగా చూసింది.

“ఇన్నేండ్లు అందరికి సాబ్‌యి పెట్టిన. ఒక్కసారన్న నాయి పెట్టకుంటనే పోతనా?”

రెండు రోజులు పొయ్యి ముందు కూర్చుంది. బూంది ఒలకబోసుకుంది, ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. యాలకులు పొట్టుతోనే దంచింది. రెండో రోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను వెళ్లి ఒకటి దొంగిలించి తిన్నాను. అచ్చం అదే.

నన్ను సాగనంపడానికి మేనత్త, వాళ్ల అత్తగారు వచ్చారు. వియ్యపురాలికి కుర్చీ వేశారు. లడ్డూల గంప తెచ్చి ముందు పెట్టారు. నాయినమ్మ తలుపు దగ్గర నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, అవి ఎప్పుడో ఆరిపోయాయి. వియ్యపురాలు ఒకటి తీసుకుని విరిచింది. అంత తేలిగ్గా విరగలేదు. వాసన చూసింది. ఒక ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, మిగిలింది గంపలో పెట్టేసి, నాయినమ్మ వైపు తిరిగింది.

“గివి నీ చేతియి గావు వదినె. ఏ దుకాన్ల కొన్నవ్?”